మానడం

గ్రిమ్స్‌బీలో గురువారం.
కిటికీ అవతల రేవు, డాక్ టవర్ మీద వాన.
డెనిస్ స్టాథర్ కుడికాలు నా ఒళ్ళో ఉంది.
డెబ్బై ఏళ్ళ కాలు, నాలుగే వేళ్ళు.

మొదటిసారి వచ్చినప్పుడు బూటు దులిపితే
తుప్పు పట్టిన గాలం ముక్క
టక్కున నేలమీద పడింది.
మూడు రోజులు దానిమీదే నడిచాడట.
"నొప్పెట్టలేదా" అని అడిగి
నాలిక కరుచుకున్నాను.
నెత్తురులో తీపి ముదిరితే
కాలు ముందు మరిచిపోయేది "అమ్మా" అనడం.
పుండు మీద కారం అంటాం కదా,
ఈ పుండుకి కారం కూడా తెలియదు.

పదకొండు నెలలు.
వెండి పట్టీ, తేనె పట్టీ, సముద్రపు నాచు పట్టీ.
వారం వారం పల్చటి ప్లాస్టిక్ పరిచి
అంచు వెంట పెన్నుతో గీస్తాను.
వారం వారం అదే దేశపటం,
ఒక్క గజం కూడా వదులుకోని దేశం.

ఆ రోజు కొత్త పొట్లం చించాను.
తెల్లగా, పెళుసుగా, ఎండిన అప్పడంలా ఉంది.
ఉప్పునీళ్ళలో నిమిషం ఉంచితే మెత్తబడింది.
పొలుసులు ఊడిన చోట వరసగా చిన్న గుంటలు.
"ఏంటది?"
"కాడ్ చేప తోలు. ఐస్‌లాండ్‌ది."

మంచం కిర్రుమనేలా నవ్వాడు.
పందొమ్మిదేళ్ళప్పుడు ఆ నీళ్ళలోనే వాళ్ళ ట్రాలర్.
ఆ దేశపు గస్తీ ఓడ అడ్డంగా దూసుకొచ్చి
వల తాళ్ళు కోసేసింది.
నిండు వల చీకట్లోకి దిగిపోవడం
వెనక రెయిలింగ్ పట్టుకుని చూశాడు.
"వల కోసినవాళ్ళే
అతుకు కూడా పంపించారన్నమాట."

అతని చేతులనిండా పాత చాకు గీతలు.
ఎన్ని తోళ్ళు ఒలిచావు డెనిస్?
"లెక్కెవడు పెట్టాడు, హిమ్. తోలు ఎవడిక్కావాలి?
సీగల్స్‌కి విసిరేవాళ్ళం."
నా పేరు హైమ.
అతని నోట్లో చర్చి పాట అయిపోతుంది.
దిద్దడం మానేశాను.

చెప్పాను: చేప వెళ్ళిపోయింది,
దాని కణాలన్నీ కడిగేశారు. మిగిలింది ఖాళీ ఇల్లు.
నీ కణాలు వచ్చి కాపురం పెడతాయి,
పాత గోడలు కరిగించుకుంటూ
తమ గోడలు లేపుకుంటాయి.
"అద్దె ఎంత?"
ఆ కాలు కింద పెట్టకపోవడం.
"అబ్బో, ఖరీదే."

కట్టలేదు కూడా.
రెండో వారానికి తోలు జారి పట్టీలో ముద్దయింది.
కుక్కని తిప్పాలి కదా అన్నాడు.
కోప్పడ్డాను. ఇంకో పొట్లానికి సంతకం పెట్టాను.
మళ్ళీ కోప్పడ్డాను.

మా భాషలో గాయం మానుతుంది అంటారు, డెనిస్.
పని మానినట్టు, బడి మానినట్టు.
నీ పుండుకి ఆ మానడమే చేతకాలేదు,
ఎప్పుడో పారిపోయిన దొంగ కోసం
ఇంకా విజిల్ వేస్తూ తిరిగే గూర్ఖాలా
పదకొండు నెలలు ఓవర్‌టైమ్ చేసింది.
ఎవరో వచ్చి చెప్పాలి దానికి, చాలు, ఇక ఇంటికి పో అని.
చేప చెబుతోందేమో.
"మరి సిగరెట్లు మానడం?"
అదీ ఆ మాటే.
అతను కాసేపు వాన వైపు చూశాడు.

ఆరో వారం అడుగున
దానిమ్మ గింజల్లాంటి ఎరుపు.
దూది తగిలితే అంచు నుంచి ఒక్క చుక్క నెత్తురు.
ఈ గదిలో నెత్తురు శుభవార్త.
పక్క గదిలో ఉన్న మోరీన్‌ని కేకేసి మరీ చూపించాను.

ఇవాళ గీసిన పటం కందిబద్దంత.
మూసుకోలేదు ఇంకా.
మూసుకున్నా మళ్ళీ తెరుచుకోవచ్చు,
అలాంటివి చాలానే చూశాను.
అతనికది చెప్పాను, విన్నట్టే ఉన్నాడు.

కర్ర పుచ్చుకుని తలుపు దగ్గర ఆగాడు.
"చేప తోలు వేశావు కదా,
ఈ కాలికిప్పుడు ఈత నేర్పక్కర్లేదా?"
ముందు బూటు దులుపుకో, అన్నాను.
తొడుక్కునే ప్రతిసారీ.